కుర్చీల ముందు మా నాయన

మొన్న మా కాలనీ వాళ్ల మీటింగుకి వెళ్లాను. కొత్తగా ఎన్నికైన కార్యదర్శి, ముప్పై ఏళ్లు కూడా లేని కుర్రాడు, మైకు ముందు నిలబడ్డాడు. మంచినీళ్ల పైపుల గురించి నాలుగు మాటలు చెప్పాలి. చెప్పాల్సింది ఫోనులో రాసుకొచ్చినట్టున్నాడు. ఆ ఫోను పట్టుకున్న చెయ్యి ఎంత వణికిందంటే, దాని వెలుగు అతని గడ్డం కింద గాలికి ఊగే దీపంలా ఊగింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా నాయన గుర్తొచ్చాడు.

మా ఊరు తాండూరు దగ్గర, పెద్దేముల్ దాటి లోపలికి పోవాలి. ఎర్రమట్టి నేలలు, రాతి గుట్టలు, గుట్టల నిండా సీతాఫలం చెట్లు. మాది గొర్రెలు కాసుకునే కుటుంబం. ఇంటికీ గొర్రెల దొడ్డికీ మధ్య ఒక తడిక మాత్రమే అడ్డం. వానకు తడిసిన గొంగడి వాసన, పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసన, ఈనిన గొర్రె పాలతో మా అమ్మ కాచే జున్ను వాసన, ఈ మూడూ కలిసిపోయి ఉండేది మా ఇల్లు. పట్వారి మనవరాలు నాకు జత. ఊళ్లో బడికి పోయే ఆడపిల్లలం మేమిద్దరమే. ఆ పిల్ల మా ఇంటికొస్తే ముక్కు మూసుకొనేది. జున్ను చేతిలో పెట్టగానే ముక్కు వదిలేసేది.

మా నాయన గడపలో వంగితే తప్ప ఇంట్లోకి రాలేనంత పొడగరి. ఈ గుట్ట మీద నిలబడి కేకేస్తే ఆ గుట్ట మీద మేస్తున్న గొర్రెలు తలలెత్తి చూసేవి. అంత గొంతున్న మనిషి, నలుగురి మధ్యకు వస్తే నోరు తెరిచేవాడు కాదు. పెళ్లిళ్లలో గోడవార నిలబడేవాడు. ఎవరైనా పలకరిస్తే గొంగడి సర్దుకుంటూ చిరునవ్వు నవ్వేవాడు, అంతే.

అలాంటి మనిషిని ఊరు సర్పంచిని చేసింది. అప్పుడే కొత్తగా పంచాయతీలు వచ్చాయి. మా ఊళ్లో రెండు పెద్ద ఇళ్లుండేవి. ఒక ఇంటివాళ్లు నిలబడితే రెండో ఇంటివాళ్లు ఒప్పుకోరు. వారాల తరబడి చావడిలో వాదించుకుని, చివరికి అందరూ కలిసి మా నాయన పేరు చెప్పారు. కారణం కూడా ఒకాయన దాచుకోకుండా ఆయన ముందే అన్నాడు.

"గీయనైతే ఎవ్వలికీ అడ్డం రాడు. నోట్ల నాలికే లేదాయె!"

చావడంతా నవ్వింది. మా నాయన కూడా నవ్వాడు. ఇంటికొచ్చాక మా నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "మాట్లాడనోడని పెట్టుకున్నరు, మంచోడని గాదు" అని చుట్ట ముట్టించుకుంది.

ఆ ముందటి వానాకాలం మా ఊరి మందలకు చిటుకు రోగం తగిలింది. తొలకరికి మొలిచిన లేత గడ్డి మేసిన గొర్రె, అప్పటిదాకా బాగానే ఉండి, ఒక్కసారి ఎగిరిపడి చనిపోయేది. చిటికె వేసినంతసేపట్లో పోతుంది కాబట్టి ఆ పేరు. మా మందలో సగం పోయింది. ఆ ఏడు మా ఇంట్లో జున్ను వాసన లేదు. వానలకు ముందే సూదిమందు వేయిస్తే ఆ రోగం రాదని తర్వాత తెలిసింది. కానీ ఆ మందు వేసే పశువుల దవాఖాన తాండూరులో ఉండేది. మధ్యలో వాగు.

మళ్లీ ఎండాకాలం వచ్చాక, ఒకరోజు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి జవాను, అంటే అక్కడి బంట్రోతు, సైకిలు మీద వచ్చి మా నాయనకు కబురు చెప్పాడు. హైదరాబాదు నుంచి పెద్ద ఆఫీసరు తాండూరుకు వస్తున్నాడు. సభ పెడుతున్నారు. ప్రతి సర్పంచీ లేచి తన ఊరికి ఏం కావాలో మైకులో చెప్పాలి. మన దిక్కు ఊళ్లకు ఒక పశువుల దవాఖాన ఇచ్చే ఆలోచన కూడా ఉందట.

"మంచిగ మాట్లాడుండ్రి సర్పంచి సాబ్" అని జవాను మజ్జిగ తాగి పోయాడు.

ఆ పూట మా నాయన రొట్టె ముట్టలేదు. మరునాడు కూడా సగం తిని లేచాడు. మా అమ్మ కంగారుపడింది.

"జొరమొచ్చిందా ఏంది?"

"జొరం గాదు. కుర్చీలు" అన్నాడు మా నాయన.

మాకు అర్థం కాలేదు. మా నాయనమ్మకు అర్థమైంది. ఆయన మందతో గుట్టకు పోయాక, చుట్ట పీల్చుకుంటూ నాకూ అమ్మకూ చెప్పింది. దొరల కాలంలో గొర్రెలు మేపుకున్నందుకు పుల్లరి కట్టాలి. ఒకసారి మా తాత, పిల్లవాడైన మా నాయనను వెంటబెట్టుకుని దొర ఉండే గడికి పోయాడు. లెక్క ఎక్కువ వేశారని ఒక్క మాట అన్నాడు. కుర్చీలో కూర్చున్న మనిషి లేవను కూడా లేవలేదు. చేత్తో సైగ చేశాడు. మా తాతను ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. పొద్దు వాలిందాకా మా నాయన పక్కనే నిలబడి చూశాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో మా తాత కొడుకుతో ఒక్కటే అన్నాడట: "కుర్చీల కూసున్నోని ముందట నోరు తెర్వకు కొడుకా."

"గంతే. గప్పటిసంది వాడు తెర్వలే" అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం మా నాయన నన్ను వెంటబెట్టుకుని బడి సారు దగ్గరకు పోయాడు. సారు మంచివాడు. సంతోషంగా రెండు పేజీల ఉపన్యాసం రాసిచ్చాడు. అది ఇలా మొదలయ్యేది: "గౌరవనీయులైన అధ్యక్ష మహాశయులకు, వేదికనలంకరించిన పెద్దలకు, సభాసదులకు వినమ్రపూర్వక నమస్సుమాంజలులు."

మా నాయనకు చదువు రాదు. నేను చదివితే ఆయన వల్లె వేయాలి. మరునాడు గుట్ట మీద, ఆయన వెనకే నడుస్తూ నేను చదివాను.

"వేదికనలంకరించిన."

"యేదిక... లంక... రించిన" అన్నాడు మా నాయన. "లంక ఎందుకొచ్చింది బిడ్డా ఇండ్ల?"

"లంక గాదు నాయినా, అలంకరించుడు."

"ఎవలను?"

నాకూ సరిగ్గా తెలియదు. నమస్సుమాంజలుల దగ్గరికి వచ్చేసరికి ఆయన నుదుటికి చెమట పట్టింది. ఒక పొట్టేలు ఆగి మా వైపే చూస్తోంది. "దానికి గూడ సమజ్ గాలే" అన్నాడు.

ఈలోగా ఊరంతా మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. సర్పంచి మైకులో మాట్లాడతాడంటే ఎవరి కోరిక వాళ్లకు గుర్తొచ్చింది. ఒకాయన రోడ్డు అడగమన్నాడు. ఇంకొకాయన బావి. చావడికి పెంకులు, బడికి గంట, వాగు మీద వంతెన. ఒక ముసలాయన తన కోడలు రొట్టె సరిగ్గా చేయడం లేదని, దానికేమన్నా ఆఫీసరు చేయగలడా అని అడిగాడు. మా నాయన అందరికీ తలూపాడు. అన్నీ నేను సారు కాగితం వెనక రాశాను. ఖాళీ లేకపోతే అంచుల్లో రాశాను.

రొట్టెలు కొడుతున్న మా అమ్మ అదంతా వింటోంది. పెనం మీద రొట్టె తిప్పి, పిండి చేతులతోనే మా దగ్గరకు వచ్చింది.

"గిన్ని అడిగితే ఆయనకు ఏది యాదికుంటది? ఒక్కటి అడుగు."

"ఏది అడగాలె?" అన్నాడు మా నాయన.

"నీకేది లేక నిద్ర పడ్తలేదో గది."

మా నాయన తల తిప్పాడు. దొడ్డి వైపు చూశాడు. తర్వాత నన్ను చూసి, "సారు రాసింది తీసి పక్కకు పెట్టు బిడ్డా" అన్నాడు.

సారుకి ఈ మాట చెప్పడానికి నాకు భయమేసింది. కానీ సారు కోప్పడలేదు. "ఆయన మాటలే ఆయన్ను చెప్పనీ. మొదట ఏం జరిగిందో చెప్పాలె, తర్వాత ఏం కావాలో అడగాలె, అడిగినంక కూసోవాలె. ఎక్కువమంది మూడోది మర్చిపోతరు" అన్నాడు. ఈ మాట నేను పెద్దయ్యాక ఎందరికో చెప్పాను.

ఏం చెప్పాలో తేలింది. ఎలా చెప్పాలన్నదే మిగిలింది. గొర్రెల ముందు మా నాయన బ్రహ్మాండంగా మాట్లాడేవాడు. నా ముందు బాగానే మాట్లాడేవాడు. కుర్చీల మాట తలచుకుంటే చాలు, తల నేలకు వంగిపోయేది. అప్పుడు నాకూ పట్వారి మనవరాలికీ ఒక ఆలోచన వచ్చింది. ఆదివారం సారు తాండూరులో తన ఇంటికి పోతాడు. బడికి తాళం లేదు. పెద్ద ఇళ్ల లోపల ఉన్నవి కాక, ఊరి మొత్తానికి కుర్చీ అక్కడే ఉంది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని, గడ్డివాముల వెనక నుంచి దాన్ని మా దొడ్డిలోకి మోసుకొచ్చాం. దాని ఒక కాలు కొంచెం పొట్టిది. దొడ్డిలో పెడితే అటూ ఇటూ ఊగింది.

మా నాయన దాన్ని చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"దాని మీద ఎవలన్న కూసోవాలె గద, ఆఫీసరు లెక్క" అన్నాను.

అమ్మ నవ్వి తప్పుకుంది. మిగిలింది నాయనమ్మ.

"నేను కూసోను. నా పుట్టుకల ఎక్కలే గసుంటిది."

"దొరలు పోయిండ్రు నాయనమ్మా. ఇప్పుడు ఎవలన్న కూసోవచ్చు, సారు చెప్పిండు."

ఎంతో బతిమాలాక, కాలే పెనం మీద కూర్చున్నట్టు అంచున కూర్చుంది. కాసేపటికి కొంచెం వెనక్కి జరిగింది. ఇంకొంచెం జరిగి వీపు ఆనించింది. చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెట్టుకుంది. "మంచిగనే ఉన్నదే!" అని కాలు మీద కాలు వేసుకుని చుట్ట తెమ్మంది. ఆ తర్వాత ఆమెను పట్టడం మా వల్ల కాలేదు.

"ఏమిరో! నీది ఏ ఊరు?" అంది గొంతు మార్చి.

మా నాయన తల వంచుకున్నాడు.

"మొగం పైకెత్తు. నేల మీద గింజలు ఏరుతున్నవా? ఏం గావాలె నీకు? తొందరగ జెప్పు, నాకు అన్నానికి యాళ్లయితున్నది. కోడి కూర వండిండ్రా లేదా మీ ఊర్లె?"

మా నాయన భుజాలు కదిలాయి. ముందు మూతి బిగబట్టాడు. తర్వాత ఆగలేక, తడిక పట్టుకుని పడీ పడీ నవ్వాడు. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. గొర్రెలన్నీ తలలెత్తాయి. పట్వారి మనవరాలు నవ్వు ఆపుకోలేక నేల మీద కూర్చుండిపోయింది.

నవ్వులు తగ్గాక నాయనమ్మ చుట్ట పక్కన పెట్టింది. ఆమె గొంతు మామూలుగా అయింది.

"నీ అయ్యను వంగవెట్టిన నాటి కుర్చీ గిట్లనే ఉండెనారా?"

మా నాయన నవ్వు ఆగిపోయింది. "గింతకంటె పెద్దగుండె" అన్నాడు మెల్లగా.

"కట్టెదే గద?"

"కట్టెదే."

"ఇప్పుడు దాని మీద నేను కూసున్న. ఇగ మాట్లాడు."

మా నాయన గొంగడి తీసి తడిక మీద వేశాడు. చేతులు ఏం చేయాలో తెలియక కర్ర తీసుకుని దానికి ఆనుకుని నిలబడ్డాడు. తల్లి ముఖంలోకి చూస్తూ మొదలుపెట్టి, చివరిదాకా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు ఆగాడు గానీ తల మాత్రం దించలేదు.

సోమవారం సారుకి కుర్చీ మీద గొర్రె వెంట్రుకలు కనిపించాయి. మా ఇద్దరి వైపూ చూసి, దులుపుకుని కూర్చున్నాడు.

సభ నాడు తెల్లవారకముందే బండి కట్టారు. మా నాయనమ్మ అందరికంటే ముందే ఎక్కి కూర్చుంది. "నేను లేంది వాడెట్ల మాట్లాడుతడు?" అంది. అమ్మ జొన్నరొట్టెలూ, నువ్వుల పొడీ, ఉల్లిగడ్డలూ మూట కట్టింది. తాండూరు చేరేసరికి ఎండెక్కింది. అక్కడ అంగడి వీధిలో ఒక దుకాణంలో తెలుగు, పక్క దుకాణంలో కన్నడం, ఎదురు చాయ్ హోటలులో ఉర్దూ వినబడేవి. బండల మీద నీళ్లు చల్లిన వాసన, మిర్చి బజ్జీల నూనె వాసన. నాయనమ్మకు మిర్చి మీద మనసు పడింది గానీ, "ముందు వాని మాట కానీ" అని నిగ్రహించుకుంది.

శామియానా కింద జనం కిక్కిరిసిపోయారు. వేదిక మీద వరసగా కుర్చీలు, కింద పెద్దమనుషుల కోసం ఇంకో వరస కుర్చీలు. ఆ వెనక తివాచీల మీద మేమందరం. మా నాయన మిగతా సర్పంచులతో వేదిక పక్కన నిలబడ్డాడు. తెల్లటి తలపాగా చుట్టుకున్నాడు. ఆయన పెదవులు కదలడం నాకు కనిపిస్తోంది.

ముందు మాట్లాడిన సర్పంచులు బడికి గంట కావాలన్నారు, రోడ్డు కావాలన్నారు, బావి కావాలన్నారు. ఒకాయన ఎంతకూ ఆపకపోతే మైకాయన వచ్చి మైకు తీసుకున్నాడు. ఆఫీసరు కళ్లజోడు తుడుచుకుంటూ, మధ్యమధ్య గడియారం చూసుకుంటూ ఉన్నాడు. అప్పుడు మా ఊరి పేరు పిలిచారు.

మా నాయన మైకు ముందుకు వచ్చాడు. కుర్చీల వైపు చూశాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆయన ఊపిరి మాత్రం మైకులోంచి బుసలా వినిపించింది. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మా ఊరివాడే ఒకడు, "నేను జెప్పలేదా, నాలికే లేదని" అన్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఇంతలో నా పక్కన ఉండాల్సిన నాయనమ్మ లేదు. చూస్తే జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ ముందుకు పోతోంది. పెద్దమనుషుల వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. నేరుగా పోయి దాని మీద కూర్చుంది. వీపు ఆనించింది.

బ్యాడ్జీ పెట్టుకున్న ఒకాయన పరుగున వచ్చాడు. "అమ్మా, లే, లే! అది పెద్దోళ్లది!"

"నేనేమన్న చిన్నదాన్నా? పండ్లు గూడ ఊడిపాయె" అంది నాయనమ్మ. ముందు వరసలు ఘొల్లుమన్నాయి. "మైకు కాడున్నోడు నా కొడుకే. జర మాట్లాడనియ్యి."

వేదిక మీద ఆఫీసరు కూడా నవ్వాడు. "బైఠ్నే దో" అన్నాడు. కూర్చోనివ్వమని చేత్తో సైగ చేశాడు.

మా నాయన ఆమెను చూశాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి. కర్ర బండిలో ఉండిపోయింది కాబట్టి మైకు కడ్డీనే కర్రలాగా పట్టుకున్నాడు.

"సారూ, మేము గొర్లు కాసేటోళ్లం" అన్నాడు. గుట్టల మీద కేకేసే ఆ గొంతు మైకులో పడేసరికి శామియానా అదిరింది. చాయ్ హోటలు ముందున్నవాళ్లు కూడా ఇటు తిరిగారు. ఆయనే ఉలిక్కిపడి కాస్త తగ్గించాడు.

"మొన్నటి వానకాలం మా మంద సగం పోయింది. పొద్దుగాల లేసి దొడ్లకు పోతే తల్లి గొర్లు సచ్చి పడున్నయి. పిల్లలకు ఎరుక లేదు. అవి పాలకు పొదుగులను గుద్దుతనే ఉన్నయి. ఒక్క పిల్ల దమ్ము గుంజుతుండె. నా ఇంటామె దాన్ని కొంగుల చుట్టుకొని తాండూరు తొవ్వ పట్టింది. వాగు నిండుగ వస్తుండె. నేను ఎనక ఉరికి పోయేసరికి గట్టు మీద కూసోనుంది. నీళ్లు ఎప్పుడు తగ్గుతయా అని సూస్తున్నది. నీళ్లు తగ్గినయి. పిల్ల సచ్చిపోయింది. ఆమె దాన్ని ఇడిసిపెట్టలే. ఇంటిదాక ఎత్తుకొనే వచ్చింది. నేను జర దూరంగ ఎనక ఎనక నడిసిన. ఏం మాట్లాడాల్నో నాకు రాలే."

ఆగాడు.

"సూదిమందు ఉన్నదంట సారూ. గది వాగు దాటి మా దిక్కు రావాలె. మళ్ల వానలు వడకముందే రావాలె. గంతే."

దండం పెట్టాడు. వచ్చి తన చోట నిలబడ్డాడు.

చప్పట్లు కొట్టాలని జనానికి కాసేపు తోచలేదు. మొదట కొట్టింది నాయనమ్మ. తర్వాత అందరూ కొట్టారు. నేను అమ్మ వైపు చూశాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆ రోజు వాగు గట్టు నుంచి ఆయన తన వెనకే నడిచి వచ్చాడని అమ్మకు అప్పటిదాకా తెలియదు.

దవాఖాన మా ఊరికి రాలేదు. మాకంటే పెద్ద ఊరికి ఇచ్చారు. కానీ అది వాగుకు ఇవతల వైపే. తొలకరికి ముందు ఒక కాంపౌండరు సైకిలు మీద మందు డబ్బా కట్టుకుని మా ఊరు వచ్చాడు. ఊళ్లో ప్రతి గొర్రెకూ సూది వేశాడు. మా అమ్మ అతనికి నెయ్యి వేసి రొట్టె పెట్టింది. ఆ వానాకాలం మా దొడ్డిలో గొర్రెలు నిలబడ్డాయి. ఆ మరుసటిసారి గొర్రెలు ఈనే నాటికి జున్ను వాసన మళ్లీ వచ్చింది.

ఇక మా నాయన సంగతి. ఒకసారి తెరుచుకున్న నోరు మళ్లీ మూతపడలేదు. పెళ్లిళ్లలో పెళ్లికొడుకును నిలబెట్టి సుద్దులు చెప్పేవాడు. పంచాయతీలో మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడేవాడు. ఆయన్ను అడ్డం రాడని సర్పంచిని చేసిన రెండు ఇళ్లవాళ్లూ తలలు పట్టుకున్నారు. సంత నుంచి వస్తూ దారిలో కనిపించిన ప్రతివాడితో ఆగేవాడు. మా అమ్మ రొట్టెలు చల్లారిపోతున్నాయని విసుక్కునేది.

"మాట్లాడుమని గప్పుడు ఊరంత బతిమిలాడితిమి. ఇప్పుడెవలకు మొక్కాలె?"

నాయనమ్మ మాత్రం కొడుకు మాట్లాడుతుంటే ప్రతిసారీ ముందు వరసలో కూర్చునేది. ఆమె పోయిన రోజు కూడా, వచ్చినవాళ్లకు ఆమె గురించి చెప్పాడు. ఏడుస్తూనే చెప్పాడు, మధ్యలో ఆమె పరాచికాలు చెప్పి అందరినీ నవ్వించాడు.

నేను పెద్దదాన్నయ్యాక వికారాబాదులో పంతులమ్మ శిక్షణకు సీటు వచ్చింది. మా బంధువులందరూ ఇంటికి చేరారు. ఆడపిల్లను అంత దూరం ఒంటరిగా పంపుతావా అని ఒకరు, పెళ్లి చెయ్యక ఈ చదువులేందని ఇంకొకరు. చాలా సేపు మాట్లాడారు. మా నాయన ఇవాళ గంట ఉపన్యాసం ఇస్తాడని నేను తలుపు వెనక నిలబడి అనుకున్నాను. ఆయన అందరూ ముగించేదాకా ఆగాడు.

"నా బిడ్డ పోతది" అన్నాడు. "ఎవలన్న ఏమన్న అనేదుంటే నాతోటి అనుండ్రి. దాంతోటి అనొద్దు."

అంతే. లేచి గొర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయాడు. బంధువులు ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు.

తాండూరు స్టేషనులో నన్ను రైలెక్కించడానికి వచ్చాడు. రొట్టెల మూట కిటికీలోంచి అందించాడు. గార్డుతో మాట్లాడాడు. నా రైలు పెట్టెలో ఉన్న ముసలామెతో మాట్లాడి, ఎక్కడ దిగాలో నాకు చెప్పమని అప్పగించాడు. టీ అమ్మేవాడితో ఈసారి వానల గురించి మాట్లాడాడు. నాతో మాత్రం ఏమీ మాట్లాడలేదు. రైలు కదిలింది. కిటికీ ఊచ మీద చెయ్యి వేసి, ప్లాట్‌ఫారం అయిపోయేదాకా పక్కనే నడిచాడు. నేను ఎన్నో సభల్లో ఎన్నో మంచి ఉపన్యాసాలు విన్నాను. వాటిలో చాలావాటి మాటలు మరిచిపోయాను. కిటికీ పక్కన ఆయన వడివడిగా నడిచిన ఆ కాసేపు మాత్రం మరిచిపోలేదు.